వెబ్‌సైటు పేరు యజమాని పేరునే ఉండాలి: గోదావరి జిల్లాల వర్తక, ఉత్పత్తిదారుల సంఘాలకు బహిరంగ లేఖ

కాకినాడ, రాజమహేంద్రవరం, అమలాపురం, భీమవరం, నరసాపురం వర్తక సంఘాల పెద్దలకు, కడియం నర్సరీ రైతులకు, ఆత్రేయపురం పూతరేకుల తయారీదారులకు, ఉప్పాడ చేనేత సంఘాలకు, నరసాపురం లేసు వ్యాపారులకు, రొయ్యల ఎగుమతిదారులకు, పాపికొండల పడవల నిర్వాహకులకు నమస్కారం.

మేం ఈ జిల్లాల ప్రకటన సంస్థల్లో వెబ్‌సైట్లు కట్టేవాళ్లం, ఆన్‌లైన్ ప్రకటనలు నడిపేవాళ్లం, డిజైన్లు వేసేవాళ్లం. మీ సభ్యులు సైట్ల మీద డబ్బు పెడుతున్నారు. ప్రారంభం రోజున కొబ్బరికాయ కొడతారు, వాట్సాప్ గ్రూపుల్లో లింకు తిరుగుతుంది. ఏడాది, రెండేళ్లు గడిచేసరికి ఆ సైటు తెరుచుకోదు, తెరుచుకున్నా అందులో పాత ధరలుంటాయి, కొత్త ఫోన్ నంబరు ఉండదు. ఇలా చెడిపోయిన పనుల్ని విప్పి చూస్తే చాలావాటిలో రెండే కారణాలు తేలుతున్నాయి. ఒకటి, సైటు తాలూకు ఖాతాలేవీ యజమాని పేరున లేవు. రెండు, సైటులో పెట్టాల్సిన మేటర్ ఎవరిస్తారన్నది మొదటే తేల్చుకోలేదు. ఒక్కో దుకాణదారు విడిగా ఏజెన్సీతో కూర్చుని ఇవన్నీ అడగలేడు. సంఘం ఒక పద్ధతి పెడితే మాత్రం అందరికీ అదే పద్ధతి అవుతుంది. 2015 తర్వాత మళ్లీ 2027లో గోదావరి పుష్కరాలు. బసలు, పడవలు, మిఠాయిలు, చీరలు ఎక్కడ దొరుకుతాయో యాత్రికులు ఫోన్లోనే వెతుకుతారు. అప్పటికి పద్ధతి కుదరాలంటే ఇప్పుడే మొదలుపెట్టాలి.

ముందు సైటు పేరు, అంటే డొమైన్ సంగతి. డాట్ కామ్ గానీ డాట్ ఇన్ గానీ కొనాలంటే రిజిస్ట్రార్ (పేర్లు నమోదు చేసి అమ్మే సంస్థ) దగ్గర ఒక ఖాతా తెరవాలి. ఆ ఖాతాలో రిజిస్ట్రెంట్‌గా, అంటే పేరు నమోదు చేయించుకున్నవాళ్లుగా, ఎవరుంటే పేరు మీద హక్కు వాళ్లది. డబ్బు ఎవరి జేబులోంచి వెళ్లిందో అక్కడ ఎవరూ అడగరు. పని తొందరగా తెములుతుందని చాలా ఏజెన్సీలు తమ దగ్గర పని చేయించుకునేవాళ్లందరి సైటు పేర్లూ తమ ఒక్క ఖాతాలోనే కొనేస్తాయి. దురుద్దేశం ఉన్నా లేకపోయినా జరిగేది ఒకటే: మీ డబ్బుతో పొలం కొని పాసుపుస్తకం కౌలుదారు పేరున రాయించడం. ఏజెన్సీ మూతపడితే, అందులో ఆ పని చూసే కుర్రాడు హైదరాబాద్ వెళ్లిపోతే, బిల్లు దగ్గర మాటామాటా వస్తే, దుకాణం బోర్డు మీద, సంచుల మీద, లారీల మీద వేయించుకున్న పేరు మీ చేతిలో ఉండదు.

గడువు తీరినప్పుడు ఏం జరుగుతుందో ప్రతి సభ్యుడికీ తెలియాలి. డాట్ కామ్ పేరు గడువు తీరడానికి సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి రిజిస్ట్రార్ మెయిల్ పంపి గుర్తుచేయాలని ఐకాన్ (ప్రపంచమంతటా సైటు పేర్ల వ్యవస్థను చూసే సంస్థ) నిబంధన. ఆ మెయిల్ ఖాతాలో రాసి ఉన్న చిరునామాకే వెళ్తుంది. గడువు దాటాక రిజిస్ట్రార్‌ని బట్టి 45 రోజుల వరకూ మామూలు రుసుముతో రెన్యువల్ చేసుకునే వీలుండొచ్చు, అసలు ఉండకపోవచ్చు కూడా. ఆ తర్వాత 30 రోజులు రిడెంప్షన్ దశ. అందులో పేరు వెనక్కి తెచ్చుకోవడానికి కట్టాల్సింది మామూలు రుసుముకి ఎన్నో రెట్లు. ఆపైన 5 రోజులు ఎవరూ ముట్టుకోలేని దశ, అది దాటితే ఎవరైనా కొనుక్కోవచ్చు. అలా వదిలేసిన పేర్ల కోసమే కాచుకుని ఉండేవాళ్లున్నారు. నిన్నటిదాకా కాజాలు అమ్మిన పేరు మీద రేపు బెట్టింగ్ ప్రకటనలు కనిపించడానికి ఇదొక దారి. డాట్ ఇన్ పేర్లను నిక్సీ అనే భారతీయ సంస్థ నిర్వహిస్తుంది, వాటి నియమాలు కొంత వేరు. జాగ్రత్త మాత్రం అదే.

కాబట్టి ఈ వారంలోనే ప్రతి సభ్యుడూ తన సైటు పేరును ఐకాన్ లుకప్ పేజీలో కొట్టి చూడాలి. రిజిస్ట్రార్ ఎవరో, గడువు ఏ తేదీనో కనిపిస్తాయి. యజమాని వివరాలు సాధారణంగా కనిపించవు గనుక వాటిని ఏజెన్సీనే అడగాలి, రిజిస్ట్రెంట్ పేజీ స్క్రీన్‌షాట్ పంపమనాలి. పేరు ఏజెన్సీ ఖాతాలో ఉంటే, యజమాని అదే రిజిస్ట్రార్ దగ్గర సొంత ఖాతా తెరిచి అందులోకి మార్పించుకోవడం సులువు, చాలాచోట్ల దీనికి రుసుము కూడా ఉండదు. వేరే రిజిస్ట్రార్‌కి మార్చాలంటే లాక్ తీయించి ఆథ్ కోడ్ (మార్పిడికి అడిగే రహస్య సంకేతం) తీసుకోవాలి. కొత్తగా కొన్న పేరును సాధారణంగా 60 రోజుల దాకా ఇలా మార్చడం కుదరదు. ఖాతాకి ఇచ్చే మెయిల్ అదే సైటు పేరుతో ఉన్నది కాకూడదు. పేరు ఆగిపోతే మెయిలూ ఆగిపోతుంది, ఇక పాస్‌వర్డ్ మార్చుకునే దారి కూడా ఉండదు. యజమాని సొంత జీమెయిల్ ఇచ్చి, రెండంచెల ధ్రువీకరణ యజమాని ఫోన్‌కి పెట్టి, బ్యాకప్ కోడ్లు ప్రింటు తీసి బీరువాలో పెట్టుకోవాలి. పేరును ఒక్కసారే 10 ఏళ్ల వరకూ కొనుక్కోవచ్చు. కనీసం మూడేళ్లకు కొనమని, ఆటో రెన్యువల్ పెట్టుకోమని మా సలహా.

పేరుతో పాటే మిగతా ఖాతాలు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్లో ఓనరు, మేనేజరు అని రెండు హోదాలుంటాయి. యజమాని ఓనరుగా, ఏజెన్సీ మేనేజరుగా ఉండాలి. చాలాచోట్ల ఇది తిరగబడి ఉంది. సైటు గూగుల్లో ఎలా కనిపిస్తోందో చూపే సెర్చ్ కన్సోల్, సైటుకి ఎవరొచ్చారో లెక్క చూపే అనలిటిక్స్ యజమాని మెయిల్‌తోనే తెరవాలి. గూగుల్ ప్రకటనలకైతే ఏజెన్సీల కోసమే మేనేజర్ ఖాతా అనే ఏర్పాటుంది. దుకాణం ఖాతా దుకాణానిదిగానే ఉంటుంది, ఏజెన్సీ దానికి తన ఖాతాను కలుపుకుని పని చేస్తుంది, ఒప్పందం ముగిస్తే విడిపోతుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పేజీలకూ ఇంతే: ఏజెన్సీకి పార్ట్‌నర్ యాక్సెస్ ఇస్తే సరిపోతుంది. వీటిలో ఏ ఒక్కదానికీ యజమాని తన పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పాల్సిన పని లేదు.

ఇంకో సంగతి చాలామందికి కొత్తగా ఉంటుంది. డబ్బు ఇచ్చి చేయించుకున్నంత మాత్రాన సైటు కోడ్, డిజైన్, రాసిన మేటర్ మీద కాపీరైటు మీకు రాదు. 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం డబ్బు ఇచ్చి తీయించిన ఫొటోలకు, వీడియోలకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించినవాళ్లే యజమానులు. కోడ్‌కి, రాతకి ఆ సూత్రం వర్తించదు. బయటివాళ్ల చేత చేయించుకుంటే అది చేసినవాళ్లదే. మీకు రావాలంటే 19వ సెక్షన్ కింద రాతపూర్వకంగా, సంతకంతో బదిలీ జరగాలి. ఆ కాగితంలో కాలపరిమితి రాయకపోతే 5 ఏళ్లకే అని, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే అని చట్టం అనుకుంటుంది. అమెరికాకి రొయ్యలు, ఐరోపాకి లేసు పంపేవాళ్లు ఈ రెండు ఖాళీలూ నింపించుకోకుండా సంతకం చేయకూడదు. ఇక్కడ ఏజెన్సీల తరఫున ఒక మాట కూడా చెప్పాలి. పూర్తి సొమ్ము అందిన రోజు నుంచే బదిలీ అని రాయమనడంలో తప్పు లేదు. బాకీ ఉంచుకుని హక్కులు అడగడం న్యాయం కాదు.

ఇక మేటర్. పనులు ఆలస్యం కావడానికి, చివరికి సైటు చప్పగా తయారవడానికి అసలు కారణం ఇదే. పది పేజీల సైటుకి డిజైను, కోడింగు కలిపి మూడు నాలుగు వారాల్లో తెమలొచ్చు. మేటర్ కోసం ఎదురుచూపులు మాత్రం నెలలు పడతాయి. ఆఖరికి విసిగిపోయి ఏజెన్సీయే ఎక్కడినుంచో నాలుగు పేరాలు తెచ్చి నింపేస్తుంది. అందుకే ‘మా గురించి’ పేజీలన్నీ ‘నాణ్యతే మా నినాదం’తో మొదలవుతాయి. అది చదివి ఎవరూ ఏదీ కొనరు.

కొనేవాడు ఏం తెలుసుకోవాలనుకుంటాడో అదే మేటర్. కడియంలో మొక్కలు కొనే లాండ్‌స్కేప్ కాంట్రాక్టరుకి కావాల్సింది మొక్క శాస్త్రీయ నామం, సంచి సైజు, మొక్క ఎత్తు, మొదలు మందం, ఒక లారీకి ఎన్ని మొక్కలు పడతాయి, లోడింగ్ ఎవరిది అన్నవి. ఊళ్లో పిలిచే పేరొక్కటే రాస్తే మహారాష్ట్రలో ఉన్నవాడికి అదే మొక్కో అర్థం కాదు. ఫొటో తీసేటప్పుడు పక్కన కొలబద్ద గానీ మనిషి గానీ ఉంటే ఎత్తు గురించి వచ్చే ఫోన్లు తగ్గుతాయి. ఇంటర్నెట్లో దొరికిన ఫొటో పెట్టడం మాత్రం చేయొద్దు. వచ్చిన మొక్క దాంతో సరిపోదు, గొడవ అవుతుంది, పైగా ఆ ఫొటో వేరొకరి సొత్తు.

రొయ్యల ఎగుమతిదారులకు కౌంటు దగ్గరే తేడా వస్తుంది. మన చెరువు గట్టు మీద కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలని. అమెరికా కొనుగోలుదారుకి తల తీసిన రొయ్య కౌంటు పౌనుకి, అంటే 454 గ్రాములకి: 16/20, 21/25, 26/30 అని. సైటులో కౌంటు రాసి, అది కిలోకో పౌనుకో రాయకపోతే ఆ పట్టిక ఎవరికీ పనికిరాదు. తలతోనా తల లేకుండానా, వలిచినదా, విడివిడిగా గడ్డకట్టించిందా దిమ్మగానా, గ్లేజింగ్ (రొయ్య మీది మంచు పొర) ఎంత శాతం, కార్టన్‌లో ఎన్ని ప్యాకెట్లు, ప్లాంటుకి ఏయే ధ్రువపత్రాలున్నాయి, వాటి గడువు ఎప్పటిదాకా అన్నవి ఒకే పేజీలో ఉండాలి. ధ్రువపత్రాల స్కాన్లు పెట్టి, గడువు తీరాక మార్చకుండా వదిలేయడం అసలు పెట్టకపోవడం కంటే చెడ్డది. కొనేవాడు మొదట చూసేది ఆ తేదీనే.

ఉప్పాడ జమ్‌దానీకి 2009లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో, నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ మాట సైటులో చెప్పుకోవచ్చు గానీ ముద్రను ఎవరు పడితే వాళ్లు వాడుకోకూడదు, అధీకృత వాడకందారుగా నమోదు చేసుకున్నవాళ్లకే ఆ హక్కు. సభ్యుల్ని నమోదు చేయించడం సంఘం చేయదగ్గ పని. చీరల ఫొటోలు ట్యూబులైటు కింద తీస్తే రంగు మారిపోతుంది. కిటికీ పక్కన పగటి వెలుగులో, పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి తీస్తే తర్వాత రంగు సరిచేయడానికి ఆధారం ఉంటుంది. పల్లూ, అంచు, బుటా దగ్గరగా, వెనకవైపు నేత: ఈ నాలుగూ లేకుండా జమ్‌దానీకి ఆ ధర ఎందుకో దూరాన ఉన్నవాళ్లకి తెలియదు.

పూతరేకులు పంపేవాళ్లు ముందు పెట్టె కొలుచుకోవాలి. పూతరేకు తేలిక, చోటు మాత్రం ఎక్కువ తింటుంది. చాలా కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి, ఆ లెక్క అసలు బరువుకంటే ఎక్కువైతే దాన్నే బరువుగా తీసుకుంటాయి. 30, 25, 12 సెంటీమీటర్ల పెట్టె అంటే 9000ని 5000తో భాగిస్తే 1.8 కిలోలు. లోపల సరుకు అరకిలోనే ఉన్నా 1.8 కిలోల ఛార్జీయే పడుతుంది. సైటులో ‘అరకిలోకి ఇంత’ అని డెలివరీ ఛార్జీ పెట్టినవాళ్లు ప్రతి ఆర్డరుకీ చేతినుంచి వేసుకుంటున్నారు. పెట్టె సైజు తగ్గించడమా, రెండు పెట్టెలకు తక్కువ ఆర్డరు తీసుకోకపోవడమా అన్నది సైటు కట్టకముందే తేలాలి. నెయ్యి ఏది, బెల్లమా పంచదారా, ఎన్ని రోజులు నిల్వ ఉంటుంది, విరిగితే ఏం చేస్తారు అన్నవి ప్రతి రకం కిందా రాయాలి.

పాపికొండల పడవల సైట్లకు ఒక్కటే చెబుతాం. వరద వస్తే పడవలు ఆపేస్తారని మీకు తెలుసు, బెంగళూరులో ఉన్నవాళ్లకి తెలియదు. పేజీ పైన ఒక నోటీసు పట్టీ ఉండాలి. దాన్ని మీ రేవు గుమాస్తా ఫోన్ నుంచి రెండు నిమిషాల్లో మార్చగలగాలి, ఏజెన్సీకి ఫోన్ చేసి రేపటిదాకా ఆగే పరిస్థితి ఉండకూడదు. ట్రిప్పు రద్దయితే డబ్బు ఎన్ని రోజుల్లో, ఏ దారిలో తిరిగొస్తుందో ఆ పట్టీ కిందే కనిపించాలి.

తెలుగు మేటర్‌తో ఇంకో చిక్కుంది. మన డీటీపీ సెంటర్లలో కరపత్రాలు, ఫ్లెక్సీలు ఇప్పటికీ అను ఫాంట్లలోనే టైపవుతున్నాయి. ఆ ఫైలు తెచ్చి సైటులో అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం వేరే గుర్తుల మీద గీసిన బొమ్మ, కంప్యూటరుకి అది తెలుగు అని తెలియదు. దాన్ని యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోనైనా తెలుగుగా గుర్తించే అక్షరాల్లోకి మార్చాలి. మార్చే సాఫ్ట్‌వేర్లున్నాయి గానీ వత్తుల దగ్గర, అంకెల దగ్గర, ఇంగ్లీషు మాటల దగ్గర తప్పులొస్తాయి. ప్రూఫు చదివే మనిషి తప్పనిసరి. ఫ్లెక్సీని బొమ్మగా అలాగే సైటులో పెట్టేయడం కొందరు చేస్తున్న దగ్గరిదారి. బొమ్మలో ఉన్న అక్షరాల్ని వెతుకులాటలో నమ్ముకోలేం, ఫోన్లో పెద్దవి చేసుకుని చదవలేం, చూపు లేనివారికి ఫోన్ చదివి వినిపించలేదు. సైటు సమాచారం దాచుకునే డేటాబేస్ తెలుగుని నిలవ చేసే యూనికోడ్ పద్ధతిలో (యూటీఎఫ్8ఎంబీ4 అయితే మేలు) లేకపోతే ఎంక్వయిరీ ఫారంలో జనం తెలుగులో రాసినదంతా ప్రశ్నార్థకాల వరసగా చేరుతుంది. పంక్తుల మధ్య దూరం ఇంగ్లీషుకి పెట్టినట్టు పెడితే పై పంక్తి వత్తు కింది పంక్తి గుడికి తగులుతుంది. అక్షరం ఎత్తుకి కనీసం 1.6 రెట్లు ఉంచాలి. లింకు చిరునామా మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండనివ్వండి. ‘పూతరేకులు’ అని లింకులో పెట్టి వాట్సాప్‌లో అతికిస్తే చాలా ఫోన్లలో అది 81 గుర్తుల శాతం వరసగా మారుతుంది, చూసినవాళ్లు వైరస్ అనుకుని నొక్కరు. పూతరేకుల్ని, కాజాని ఇంగ్లీషు అక్షరాల్లో జనం నాలుగైదు రకాలుగా కొడతారు. ఆ స్పెల్లింగులు పేజీలో సహజంగా ఎక్కడో ఒకచోట రావాలి.

ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది నొక్కేసి నాణ్యత తీసేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపాలి, లేదా డ్రైవ్‌లో పెట్టి లింకు ఇవ్వాలి. లోగో ఫ్లెక్సీ నుంచి కత్తిరించింది కాక, కోరల్‌డ్రాలో వేసిన అసలు ఫైలు కావాలి. ఆ ఫైలు మీ దగ్గర లేకపోతే బోర్డు రాసిన డిజైనర్ దగ్గర ఈరోజే అడిగి తీసుకోండి. ప్రింటు రంగుల పద్ధతి సీఎంవైకేలో చేసిన బొమ్మ ఫోన్లో రంగు తేడాగా కనిపిస్తుంది, తెరల రంగుల పద్ధతి ఆర్‌జీబీకి మార్చాకే సైటులోకి ఎక్కించాలి.

సైటు అప్పగించేటప్పుడు దేన్ని చూసి ఒప్పుకోవాలి? ఆఫీసులో పెద్ద మానిటరు మీద వైఫైలో చూపిస్తే బాగానే ఉంటుంది. పదివేల రూపాయల స్థాయి ఫోన్ తీసుకుని, అంతర్వేది లాంటి చోట మొబైల్ డేటా మీద తెరిచి చూడాలి. గూగుల్ పెట్టిన కొలతలు మూడు: పేజీలో ముఖ్యమైన పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి, నొక్కిన దానికి 200 మిల్లీసెకన్లలోపు స్పందన రావాలి, చదువుతుండగా పేజీ కదిలే లెక్క 0.1 మించకూడదు. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో లింకు కొడితే ఉచితంగా చూపిస్తుంది. ఈ పరీక్షలో పోయేది ఎక్కువగా మొదటి పేజీ స్లైడర్ (ఒకదాని తర్వాత ఒకటి మారే పెద్ద బొమ్మల వరస) వల్ల. ఫోన్లో తీసిన ఫొటో ఒక్కొక్కటి 4 ఎంబీ ఉంటుంది, అలాంటివి ఐదు వరసగా పెడితే 20 ఎంబీ. వాటినే 1600 పిక్సెళ్ల వెడల్పుకి తగ్గించి వెబ్‌పీ అనే తేలికపాటి ఫొటో ఫార్మాట్‌లో భద్రపరిస్తే చాలావరకు ఒక్కోటి 200 కేబీలోపు వస్తుంది. మా అభిప్రాయంలో స్లైడరే అక్కర్లేదు. రెండో బొమ్మ దాకా ఆగి చూసేవాళ్లు అరుదు.

సైటు మొదలుపెట్టిన రోజు మామూలుగా జరిగే పొరపాట్లు మూడు. కడుతున్నప్పుడు గూగుల్ చూడకుండా వర్డ్‌ప్రెస్‌లో (సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్) ఒక టిక్కు పెడతారు, ప్రారంభించాక తీయడం మరిచిపోతారు. నెలల తరబడి సైటు గూగుల్లో రాదు, కారణం ఎవరికీ తట్టదు. రెండోది, సైటుని కొత్త హోస్టింగ్‌కి (సైటు ఫైళ్లుండే అద్దె సర్వర్) మార్చేటప్పుడు పాత డీఎన్ఎస్‌లో (పేరుని సర్వర్లకు కలిపే పట్టిక) మెయిల్ ఎక్కడికి వెళ్లాలో చెప్పే ఎంఎక్స్ రికార్డులు రాసుకోకుండా నేమ్‌సర్వర్లు, అంటే ఆ పట్టిక ఉండే సర్వర్లు, మార్చేస్తారు. సైటు తెరుచుకుంటుంది, కంపెనీ మెయిళ్లు మాత్రం ఆగిపోతాయి. ఎగుమతిదారుకి ఒకరోజు మెయిల్ రాకపోతే ఎంత నష్టమో చెప్పనక్కర్లేదు. మార్చేముందు రికార్డులన్నీ స్క్రీన్‌షాట్ తీసుకోవాలి, మెయిల్ నిజంగా మీదేనని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు కూడా కొత్త చోటికి మార్చాలి, మార్చిన గంటకే బయటి మెయిల్ నుంచి పంపి, తిరిగి రప్పించి చూడాలి. మూడోది, పాత పేజీల లింకుల్ని కొత్త పేజీలకు 301 అనే శాశ్వత దారి మళ్లింపుతో కలపకపోవడం. ఎన్నేళ్లుగానో గూగుల్లో నిలబడ్డ పేజీలన్నీ ఒక్కసారిగా ‘దొరకలేదు’ అని చూపిస్తాయి.

కొటేషన్ మరీ తక్కువగా ఉంటే థీము (సైటు రూపం), ప్లగిన్లు (అదనపు పనులు చేసే చిన్న సాఫ్ట్‌వేర్లు) ఎక్కడివో అడగండి. లైసెన్సు లేకుండా తాళం తీసిన కాపీలు తిరుగుతుంటాయి, వాటిలో చాలావాటిని దొంగదారి ఉంచే పంచుతారు. కొన్నాళ్లకు మీ సైటు పేరుతో గూగుల్లో మందుల ప్రకటనలో, జపాను అక్షరాల పేజీలో కనిపించడానికి ఇదొక కారణం. లైసెన్సులు కూడా యజమాని పేరున కొనాలి. వారానికోసారి బ్యాకప్ హోస్టింగ్‌లో కాక వేరేచోట చేరాలి, మూడు నెలలకోసారి దాన్ని తిరిగి నిలబెట్టి చూడాలి. అలా చూడని బ్యాకప్‌ని లెక్కలో వేసుకోవద్దు. గూగుల్లో మొదటి స్థానం గ్యారంటీ అని రాసిచ్చేవాళ్ల దగ్గర సంతకం చేయొద్దు. అలా గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే చెబుతోంది.

ప్రకటనల డబ్బు దగ్గర బిల్లు విడగొట్టి అడగాలి. నెలకు 30,000 ఇస్తే అందులో గూగుల్‌కో మెటాకో వెళ్లింది ఎంత, ఏజెన్సీ రుసుము ఎంత, జీఎస్టీ 18 శాతం దేని మీద వేశారు అన్నవి మూడు వరసల్లో ఉండాలి. ప్రకటన సొమ్ము నేరుగా యజమాని కార్డు నుంచే కట్టుకుంటే ఈ ప్రశ్నే రాదు. లైకులు, చూపులు ఎన్నో చెప్పే నివేదిక కంటే ఎన్ని ఫోన్లొచ్చాయి, ఎన్ని ఆర్డర్లయ్యాయి అన్న లెక్క అడగండి.

ఫ్లెక్సీ మీద క్యూఆర్ వేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఉచితంగా ఇచ్చే డైనమిక్ క్యూఆర్ (వాళ్ల సర్వర్ మీదుగా మీ పేజీకి తీసుకెళ్లే కోడ్) సేవల్లో కొన్ని ట్రయల్ గడువు తీరాక ఆగిపోతాయి, ఫ్లెక్సీ మాత్రం ఇంకా కడుతూనే ఉంటారు. మీ సైటులోనే ఒక చిన్న లింకు పెట్టి దానికే మామూలు క్యూఆర్ చేయిస్తే లోపల పేజీ ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. చూసే దూరంలో పదోవంతు వెడల్పు ఉండాలి: మూడు మీటర్ల నుంచి స్కాన్ చేయాలంటే 30 సెంటీమీటర్లు. చుట్టూ తెల్ల ఖాళీ వదలాలి. రావులపాలెం దగ్గర హైవే హోర్డింగ్ మీద క్యూఆర్ దండగ, అక్కడ సైటు పేరు పెద్ద అక్షరాల్లో వేయించడమే మేలు.

వ్యాపార ఎస్ఎంఎస్ పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం డీఎల్‌టీలో (టెలికాం కంపెనీల ఆన్‌లైన్ నమోదు వేదిక) సంస్థని, పంపేవారి హెడర్ని, మేటర్ నమూనాని ముందే నమోదు చేయించాలి. పండగకి వారం ముందు మొదలుపెడితే అందదు. ఇంగ్లీషులో ఒక మెసేజికి 160 అక్షరాలు, తెలుగులో 70. గుణింతపు గుర్తులూ విడిగా లెక్కకొస్తాయి: ‘పూతరేకులు’ కంటికి ఐదు అక్షరాలు, ఎస్ఎంఎస్ లెక్కలో తొమ్మిది. తెలుగులో పంపొద్దని మేం అనడం లేదు, పంపండి. సంక్రాంతి శుభాకాంక్షలు నాలుగు పంక్తులు రాస్తే ఒక్కో మనిషికీ మూడు మెసేజీల ఖర్చు పడుతుందని తెలిసి పంపండి.

సైటులో అమ్మకాలు పెట్టేవాళ్లు 2020 ఈ-కామర్స్ నిబంధనలు చూసుకోవాలి: సంస్థ చట్టబద్ధమైన పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి పేరు కనిపించాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. తినే సరుకుకి 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు, నికర బరువు, ఎంఆర్‌పీ ఉండాలి. కొన్న నంబర్ల జాబితాలతో మెసేజీలు పంపడం ఇక మానాలి. 2023 వ్యక్తిగత డేటా చట్టానికి 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి, ఎవరి నంబరు దేనికోసం తీసుకున్నామో చూపించగలగాలి.

సంఘాల్ని మేం కోరేవి ఇవి. సభ్యులందరికీ ఒకే నమూనా ఒప్పందం పెట్టండి. అందులో ఖాతాలన్నీ యజమాని పేరున అని, పూర్తి చెల్లింపుతో కాపీరైటు బదిలీ, కాలం, ప్రాంతం రాసి అని, మేటర్ ఎవరు ఏ తేదీకి ఇస్తారో అనుబంధంగా అని, ఆ తేదీ దాటితే అప్పగింత తేదీ కూడా అంతే జరుగుతుందని ఉండాలి. చెల్లింపు సంతకం రోజున 30 శాతం, డిజైన్ ఒప్పుకున్నాక 30, ఫోన్లో పరీక్ష నెగ్గాక 30, ప్రారంభించిన నెల తర్వాత, మెయిళ్లూ గూగులూ సరిగ్గా ఉన్నాయని చూసుకుని 10. ఏడాది నిర్వహణ విడి కాగితం మీద, ఏమేం చేస్తారో, ఎన్ని గంటల్లో స్పందిస్తారో రాసి. సంఘం కార్యాలయంలో ఒక రిజిస్టరు పెట్టి, ప్రతి సభ్యుడి సైటు పేరు, రిజిస్ట్రార్, గడువు తేదీ రాసుకోండి. పాస్‌వర్డ్‌లు రాయొద్దు. గడువుకి రెండు నెలల ముందు గుమాస్తా ఒక ఫోన్ చేస్తే చాలు. తెలుగు యూనికోడ్ టైపు చేయగల, ప్రూఫు చదవగల ఒకరిద్దరిని సంఘం తరఫున నియమించుకుంటే ఖర్చు అందరి మీదా పంచుకోవచ్చు. మన ఊళ్లలో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న తెలుగు పట్టభద్రులు ఉన్నారు, వాళ్లకి ఇది పని అవుతుంది.

ఈ ఒప్పందానికి మేం ఒప్పుకోమనే ఏజెన్సీలు ఉంటాయి. ఖాతాలు తమ దగ్గరుంటే ఖాతాదారు ఎక్కడికీ పోడని వాళ్ల లెక్క. అలా కట్టేసి ఉంచుకున్న ఖాతాదారు వెళ్లిపోయే రోజు కోర్టు నోటీసుతోనే వెళ్తాడు. మంచి పని చేసే ఏజెన్సీకి ఇందులో పోయేదేమీ లేదు.

ఒప్పందం ముసాయిదా తెలుగులో, ఇంగ్లీషులో మేం రాసిస్తాం. మీ న్యాయవాది, మీ ఆడిటర్ చూసి దిద్దాక సంఘం సర్వసభ్య సమావేశంలో పెట్టండి. ఆ రోజు సభ్యులు తమ ఫోన్లు, రిజిస్ట్రార్ బిల్లులు, డొమైన్ మెయిల్ వివరాలు వెంట తెచ్చుకుంటే, ఎవరి పేరు ఎవరి ఖాతాలో ఉందో అక్కడికక్కడే చూసి, మార్చుకోవాల్సిన వాళ్లకి మార్చుకునే దారి చూపిస్తాం. దీనికి రుసుము తీసుకోం. సంక్రాంతి, పెళ్లిళ్ల సీజన్ తగలకుండా తేదీ మీరే పెట్టండి.

ఇట్లు,
గోదావరి జిల్లాల ప్రకటన సంస్థల్లో వెబ్‌సైట్లు, డిజైన్లు, ఆన్‌లైన్ ప్రచార పనులు చేసేవాళ్లం